పాటకు ఇచ్చే జాతీయ పురస్కారంలో పాట పూర్తిగా వినిపించనక్కరలేదా?

ప్రశ్న: మూడులాంతర్లు, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. 2025 సెప్టెంబరు 23న, అంటే దసరా నవరాత్రుల రెండో రోజున, దిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారి చేతుల మీదుగా జరిగిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల ప్రదానోత్సవాన్ని దూరదర్శన్‌లో చూశాను. ఆ కార్యక్రమం గురించి ఎక్కడ విన్నా షారుఖ్ ఖాన్‌కు ఇన్నేళ్లకు దక్కిన ఉత్తమ నటుడి పురస్కారం, మోహన్‌లాల్ అందుకున్న దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, ఈ రెండింటి చుట్టూనే మాటలు సాగుతున్నాయి; అందులో ఆశ్చర్యం లేదు. నేను మాత్రం సంగీతానికి సంబంధించిన ఐదు పురస్కారాల కోసం టీవీ ముందు కూర్చున్నాను. ఇంటి దగ్గర కొందరు పిల్లలకు గాత్రం నేర్పుతుంటాను కనుక, ఆ సాయంకాలం పాఠానికి వచ్చినవారిని కూడా కూర్చోబెట్టి చూపించాను.

ఆ ఐదింటిని చూస్తే తెలుగు శ్రోతకు సంతోషం కలగక మానదు. ‘బేబీ’ చిత్రంలోని ‘ప్రేమిస్తున్నా’ పాటకు పి.వి.ఎన్.ఎస్. రోహిత్ ఉత్తమ గాయకుడయ్యారు. ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాట రాసిన కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత అయ్యారు. పాటల సంగీతానికి పురస్కారం ‘వాత్తి’ అనే తమిళ చిత్రం పేరు మీద జి.వి. ప్రకాశ్‌కుమార్‌కు వెళ్లినా, అదే చిత్రం ‘సార్’ పేరుతో తెలుగులోనూ తయారైంది కనుక ఆ బాణీలు మనకు కొత్తవి కావు. నేపథ్య సంగీతానికి ‘యానిమల్’ అనే హిందీ చిత్రం తరఫున పురస్కారం అందుకున్న హర్షవర్ధన్ రామేశ్వర్ పనితనాన్ని మనం ‘అర్జున్ రెడ్డి’ నాడే విన్నాం. ‘జవాన్’లోని ‘చలేయా’ పాటకు ఉత్తమ గాయని అయిన శిల్పారావు కూడా ‘దేవర’ పాటతో మన ఊళ్ల పెళ్లి పందిళ్లలో ఇప్పటికే మోగిపోయారు. ఇంత దగ్గరి మనుషులు, ఇంత దగ్గరి పాటలు అయినప్పటికీ, కార్యక్రమం పూర్తయ్యాక నాకు తృప్తి కలగలేదు.

కారణం ఇది. విజేత పేరు పిలుస్తారు, ప్రశంసా వాక్యాలు చదువుతారు, ఆ మనిషి నడిచివచ్చి నమస్కరించి, పతకమూ పత్రమూ అందుకుని, ఫోటోకు నిలబడి, తన కుర్చీలోకి వెళ్లిపోతాడు. రోహిత్ వచ్చి వెళ్లాక మా పిల్లల్లో ఒకరు, పాట ఎప్పుడు వినిపిస్తారు టీచర్ అని అడిగారు. ఇక వినిపించరమ్మా, అయిపోయింది అని చెప్పవలసి వచ్చింది. నటనకు ఇచ్చే పురస్కారంలో నటుడి ముఖమైనా తెర మీద కనబడుతుంది. గొంతుకు ఇచ్చే పురస్కారంలో ఆ గొంతు ఒక్క చరణమైనా నిండుగా వినబడకపోతే, మనం చూసింది సంగీత పురస్కారమని ఏ అర్థంలో అనుకోవాలి?

దీనితో ముడిపడిన మరో ప్రశ్న కూడా ఉంది. ఈసారి కథాచిత్రాల న్యాయనిర్ణేతల సంఘానికి దర్శకుడు ఆశుతోష్ గోవారికర్ అధ్యక్షత వహించారు. ఇటువంటి సంఘం ఒక పాటను విడిగా విని గాయకుణ్ణి ఎంచుతుందా, లేక సినిమాలో ఆ సన్నివేశంతో కలిపి చూసి ఎంచుతుందా? శ్రుతి, గమకం, ఉచ్చారణ, భావం అనే వాటిలో దేనికి ఎంత విలువ ఇస్తారన్నది మనకు తెలిసే మార్గం ఉందా? ‘ప్రేమిస్తున్నా’ పాటలో రోహిత్ పైస్థాయికి వెళ్లేటప్పుడు గొంతు బిగించకుండా, మాటను నలపకుండా పాడారని నాకనిపించింది. పిల్లలకు కూడా అదే చూపించాను. కానీ తీర్పు చెప్పినవారికి నచ్చినది కూడా అదేనా అన్నది నాకు అంతుపట్టలేదు. పెద్దలు, అనుభవజ్ఞులు చెప్పగలరు.


జవాబు: నాగావళిగట్టు, శ్రీకాకుళం

టీచరుగారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే కొంత దాగి ఉంది. నేను శ్రీకాకుళంలో ఆర్కెస్ట్రా నడుపుతూ, చిన్న రికార్డింగ్ గది కూడా చూసుకుంటున్నాను.

ఈ పురస్కారం సినిమాకు ఇచ్చే పురస్కారాల్లో ఒక భాగమే తప్ప విడిగా సంగీతానికి పెట్టినది కాదు. ఒక క్యాలెండర్ సంవత్సరంలో సెన్సారు ధ్రువపత్రం పొందిన సినిమాను నిర్మాత దరఖాస్తు చేసి పంపాలి. ముందుగా ప్రాంతీయ సంఘాలు చూసి వడపోస్తాయి, తరువాత కేంద్ర సంఘం చూస్తుంది. గాయకుడు తనంతట తాను పాట పంపుకోలేడు. ఎంత గొప్పగా పాడినా, నిర్మాత సినిమాను పంపకపోతే ఆ పాట లెక్కలోకే రాదు. సినిమాతో సంబంధం లేకుండా విడుదలైన పాటలకు అసలు ప్రవేశమే లేదు. కాబట్టి న్యాయనిర్ణేతలు చూసేది సినిమానే. పాటను అందులో భాగంగానే వింటారు. కథలో ఆ పాట ఎక్కడ నిలిచింది, పాత్ర మనసు ఆ గొంతులో పలికిందా అన్నవే వారి చెవికి ముందు తగులుతాయి. ‘బేబీ’ చూసినవారికి ఆ పాట కథలో ఎక్కడ వచ్చిందో గుర్తుంటుంది. యూట్యూబ్‌లో విడిగా విన్నవారి అనుభవం వేరుగా ఉంటుంది.

ఇక శ్రుతి సంగతి. ఈ రోజుల్లో పాట రికార్డు చేసే పద్ధతి తెలిసినవారికి, కేవలం శ్రుతి శుద్ధిని బట్టి ఉత్తమ గాయకుణ్ణి ఎంచడం ఎంత కష్టమో అర్థమవుతుంది. ముందు ఒకరు ట్రాక్ పాడతారు. తరువాత అసలు గాయకుడు వచ్చి పల్లవిని నాలుగైదు టేకులు పాడతాడు. నచ్చని పదాన్ని పంచ్ చేసి మళ్లీ పాడిస్తారు. ఏ టేకులో ఏ ముక్క బాగుంటే ఆ ముక్క తీసుకుని అతికిస్తారు. కాస్త జారిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో పైకో కిందికో జరుపుతారు. ఇది దొంగతనమేమీ కాదు, అందరూ చేసే పనే. మా చిన్న గదిలో పెళ్లి పాట పాడించుకునే పెళ్లికొడుకు తమ్ముడికి కూడా చేసిపెడతాం. అందుచేత రికార్డులో వినబడే శుద్ధిలో గాయకుడి వాటా ఎంత, ఇంజినీరు వాటా ఎంత అన్నది బయటివారు తేల్చలేరు. తేల్చగలిగేది భావం ఒక్కటే. పదం ఎత్తుకున్న తీరు, ఊపిరి ఎక్కడ వదిలాడు, ఏ అక్షరం మీద నిలబడ్డాడు అన్నవి యంత్రానికి ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. రోహిత్‌లో మీరు చెప్పిన గుణం, మాటను నలపకపోవడం, అటువంటిదే. ఆయన ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్‌లో చివరి ముగ్గురిలో నిలిచారని మా జిల్లా వారు మరచిపోరు, ఎందుకంటే 2017లో ఆ సీజన్ గెలిచిన రేవంత్ శ్రీకాకుళంలో పుట్టినవాడు. అక్కడ వారిద్దరూ వారం వారం అందరి ముందు పాడారు. ఆ గొంతులో సరుకు ఉందో లేదో దేశం అప్పుడే వినేసింది.

న్యాయనిర్ణేతల చెవి మీద నాకు పూర్తి నమ్మకం ఉందా అంటే, లేదు. 68వ పురస్కారాల్లో ‘డొళ్లు’ అనే కన్నడ చిత్రానికి చిత్రీకరణ స్థలంలోనే ధ్వని రికార్డు చేసినందుకు ఇచ్చే పురస్కారం ప్రకటిస్తే, అది డబ్బింగ్ చెప్పిన సినిమా అని ఆ చిత్రానికి పనిచేసిన సౌండ్ డిజైనరే బయటపెట్టారు. ధ్వని విభాగంలో అటువంటి పొరపాటు జరిగిందంటే, పాట విభాగంలో అందరూ ఎంతో శ్రద్ధగా వింటున్నారని ఒట్టేసి చెప్పడం కష్టం.


జవాబు: వంశధార

నాది భిన్నాభిప్రాయం, కొంచెం సూటిగానే చెబుతాను. ప్రైవేటు చానళ్లలో వచ్చే సినిమా అవార్డుల కార్యక్రమాలు మనమంతా చూస్తున్నాం. అక్కడ పాటలకు కొదవలేదు, కానీ ఆ పాటలకు తారలు ఆడతారు, గాయకుడు వెనక ఎక్కడో ఉంటాడు, లేదా ఉండనే ఉండడు. బహుమతి ఎవరికి వచ్చిందన్నది ప్రకటనల మధ్య ఎక్కడో పోతుంది. దానితో పోలిస్తే విజ్ఞాన్ భవన్‌లోని నిరాడంబరతే నాకు ఎక్కువ గౌరవంగా కనబడుతుంది. ముఖ్యపాత్ర పోషించిన నటుడికీ, మేకప్ చేసిన కళాకారుడికీ, పాట పాడినవారికీ ఒకే నడక, ఒకే నమస్కారం, ఒకే చేతి నుంచి పతకం.

ఆ చేయి ఎంత ముఖ్యమో 2018లో తేలిపోయింది. ఆ ఏడాది మే 3న 65వ పురస్కారాల సభలో రాష్ట్రపతి 11 పురస్కారాలు మాత్రమే ఇస్తారనీ, మిగిలినవి మంత్రి ఇస్తారనీ తెలిసినప్పుడు 50 మందికి పైగా విజేతలు సభకు రాలేదు. వారు తమ పాట వినిపించలేదనో, తమ సినిమా చూపించలేదనో అలగలేదు. పద్ధతి మారినందుకు అలిగారు. పురస్కారం పొందేవారే దేనికి విలువ ఇస్తున్నారో చూడండి. పాట వినాలంటే మన ఫోనులోనే ఉంది కదా!


జవాబు: సాలూరుశ్రోత

వంశధార గారు చెప్పిన నిరాడంబరత నాకూ ఇష్టమే. అయితే టీచరుగారి ప్రశ్న విజయనగరం నుంచి రావడంలో ఒక ఔచిత్యం ఉంది. ఈ గాయనీ గాయకుల పురస్కారం పుట్టుకలోనే మన ఊరి పేరు ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. అందుచేత కొంచెం వివరంగా రాస్తాను.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1953 నాటి సినిమాలతో మొదలయ్యాయి, కానీ గాయకులకూ సంగీత దర్శకులకూ వ్యక్తిగతంగా ఇవ్వడం 1967 నాటి సినిమాలతోనే మొదలైంది. మొదటి గాయకుడు ‘ఉప్‌కార్’ చిత్రానికి మహేంద్ర కపూర్, మొదటి సంగీత దర్శకుడు ‘కందన్ కరుణై’ చిత్రానికి కె.వి. మహదేవన్. ఆ మరుసటి ఏడాది, 1968 సినిమాలకు, దేశంలో మొట్టమొదటిసారిగా ఉత్తమ నేపథ్య గాయని పురస్కారం పొందినది మన విజయనగరంలో పుట్టి, మన మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న పి. సుశీల గారు. అదీ తెలుగు పాటకు కాదు. ‘ఉయర్ంద మనిదన్’ అనే తమిళ చిత్రంలో ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరచిన ‘నాళై ఇంద వేళై’ పాటకు. ఆమెకు మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మొదటి రెండూ తమిళానికి, తరువాతి మూడూ తెలుగుకు, అందులో ‘సిరిసిరిమువ్వ’, ‘మేఘసందేశం’ అందరికీ గుర్తుండేవి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ పురస్కారాల్లో మన భాషకు అన్యాయం జరుగుతోందని ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. తెలుగు గొంతులు ఈ పురస్కారాన్ని గెలిచిన తీరు చూస్తే ఆ మాట అంత సులభంగా నిలబడదు. బాలమురళీకృష్ణ గారు కన్నడ ‘హంసగీతె’కు ఉత్తమ గాయకుడయ్యారు. జానకి గారికి తమిళమూ మలయాళమూ కూడా ఇచ్చాయి, తెలుగులో ‘సితార’ ఇచ్చింది. బాలసుబ్రహ్మణ్యం గారి ఆరు పురస్కారాల్లో తెలుగు, హిందీ, కన్నడ, తమిళం నాలుగూ ఉన్నాయి. మనవాళ్లు పరభాషలో పాడి గెలిచినప్పుడు న్యాయమనిపించింది, పరభాషవారు గెలిచినప్పుడు మాత్రం అన్యాయమనిపిస్తే ఎలా?

ఘంటసాల గారికి జాతీయ పురస్కారం ఎందుకు రాలేదని కూడా తరచూ అడుగుతారు. ఆయన మన ఊళ్లో మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం చెప్పించుకున్న మనిషి కనుక ఆ ప్రశ్న మనకు మరింత గుచ్చుకుంటుంది. అయితే గాయకులకు పురస్కారం పెట్టేనాటికి ఆయన వెలుగుకు ఇరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. 1974లో ఆయన వెళ్లిపోయారు. మధ్యలో 1970లో పద్మశ్రీ వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు గారి విషయం కూడా అంతే. మా సాలూరు పక్కన శివరామపురంలో పుట్టిన ఆ మహానుభావుడు ‘మల్లీశ్వరి’కి 1951లో, ‘మిస్సమ్మ’కు 1955లో సంగీతం చేసేనాటికి సంగీత దర్శకుడికంటూ జాతీయ పురస్కారమే లేదు. ఇది ఒక ఏడాదిలో వచ్చిన సినిమాలకు ఇచ్చే పురస్కారం, జీవితకాలం పనికి ఇచ్చేది కాదు. దాని జాబితాను పట్టుకుని ఎవరు గొప్ప, ఎవరు కాదు అని తీర్మానించడం మొదలుపెడితే ఘంటసాల గారిని, రాజేశ్వరరావు గారిని పక్కన పెట్టవలసి వస్తుంది. అంతకంటే హాస్యాస్పదం ఉండదు.

నిజానికి సంగీతానికే ప్రత్యేకంగా జాతీయ పురస్కారం కావాలంటే సంగీత నాటక అకాడమీ ఉంది. మన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారి తరువాత ప్రిన్సిపాలుగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1953లోనే ఆ పురస్కారం వచ్చింది. 2022, 2023 సంవత్సరాల అకాడమీ పురస్కారాలను 2024 మార్చి 6న అదే విజ్ఞాన్ భవన్‌లో, అదే రాష్ట్రపతి గారు ప్రదానం చేశారు. ఆ రోజు మన వీధిలో ఎన్ని టీవీలు ఆ కార్యక్రమానికి తిరిగి ఉంటాయో ఊహించుకోండి. లక్ష రూపాయలు, తామ్రపత్రం, అంగవస్త్రం ఇచ్చే ఆ పురస్కారం గురించి మనలో ఎవరూ ఇక్కడ ఒక ప్రశ్న కూడా వేయలేదు. దూరదర్శన్‌ను తప్పు పట్టే ముందు మన ఆసక్తి ఎటు ఉందో కూడా ఒకసారి చూసుకోవాలి కదా.


జవాబు: మన్యంమాస్టారు, పార్వతీపురం

అందరూ చదువుకున్న సంగీతం గురించే మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. 68వ పురస్కారాల్లో ఉత్తమ గాయని ఎవరో గుర్తుందా? కేరళలోని అట్టప్పాడికి చెందిన, ఇరుళ గిరిజన సమూహానికి చెందిన నంజమ్మ. ‘అయ్యప్పనుమ్ కోశియుమ్’ చిత్రంలో ఆమె తన భాషలో, తానే కట్టిన పాటను తానే పాడారు. 2022 జులైలో ఆ ప్రకటన వచ్చినప్పుడు కొందరు సంగీతకారులు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. శ్రుతి పెట్టి ఒక మామూలు పాట ఇస్తే ఆమె పాడగలదా, ఏళ్ల తరబడి సాధన చేసినవారిని కాదని ఆమెకు ఎలా ఇస్తారు అని అడిగారు. ఎక్కువమంది సంగీతకారులూ శ్రోతలూ ఆమె పక్షాన నిలిచారు. ఆ సెప్టెంబరు 30న ఆమె రాష్ట్రపతి ముర్ము గారి చేతి నుంచి పతకం అందుకున్నారు. గిరిజన కుటుంబం నుంచి వచ్చిన రాష్ట్రపతి చేతుల మీదుగా గిరిజన గాయని పురస్కారం తీసుకోవడాన్ని మా ఏజెన్సీ బడిలో పిల్లలకు ఫోనులో చూపించాను. మా బడిలో జాతాపు పిల్లలు, సవర పిల్లలు కలిసి చదువుతారు.

పిల్లలు పతకం గురించి ఏమీ అడగలేదు, పాట మాత్రం మళ్లీ మళ్లీ పెట్టమన్నారు. భాష తెలియకపోయినా రెండోసారికే కొందరు పల్లవి అందుకున్నారు. అందుచేత టీచరుగారి మొదటి ప్రశ్నకు నా ఓటు ఆమె వైపే. వంశధార గారు పాట ఫోనులో ఉందంటున్నారు. ‘ప్రేమిస్తున్నా’ వంటి పాట అందరి ఫోనులోనూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక ఇరుళ పాట, ఒక మరాఠీ నాట్య సంగీతం, ఒక అస్సామీ పాట దేశంలో మిగిలినవారి ఫోనులోకి ఎలా వస్తాయి? ఆ ఏడాదే ఉత్తమ గాయకుడు ‘మీ వసంతరావ్’ అనే మరాఠీ చిత్రానికి రాహుల్ దేశ్‌పాండే. ఆ పాట మనలో ఎంతమంది విన్నారు? జాతీయ ప్రసారం అంటూ ఒకటి ఉన్నప్పుడు, దేశం అంతటా ఒకే సమయంలో ఆ పాట వినిపించగల అవకాశం దానికి మాత్రమే ఉంది.

నాగావళిగట్టు గారు చెప్పినట్టు శ్రుతి యంత్రంతో సరిచేసుకోవచ్చు. నంజమ్మ మీద అభ్యంతరం పెట్టినవారు కొలిచింది ఆ యంత్రం సరిచేయగలిగే గుణాన్నే. న్యాయనిర్ణేతలు విన్నది ఆ యంత్రానికి అందని గుణాన్ని. ఆ ఒక్క ఏడాదికి మాత్రం వారి చెవి మీద నాకు గౌరవం కలిగింది. అదే చెవి మన వైపు తిరగాలంటే ముందు మన పాట సినిమాలోకి రావాలి. మన తప్పెటగుళ్ల కళాకారుడు, జముకుల కథ చెప్పే మనిషి గొంతు ఏ సినిమాలోనైనా, వారి పేరుతోనే, వారి యాసతోనే రికార్డయితే తప్ప ఏ నిర్మాత దాన్ని దిల్లీకి పంపగలడు? బాణీ తీసుకుని, గొంతు మాత్రం హైదరాబాదులో వేరే ఎవరిచేతో పాడించే అలవాటు ఇంకా పోలేదు. ‘బలగం’ పాటలో తెలంగాణ పల్లె మాట తన రూపంలోనే నిలబడింది కనుకనే పురస్కారం దాకా వెళ్లిందని నా అభిప్రాయం.


జవాబు: వంశధార

మాస్టారూ, మీరు చెప్పిన మరాఠీ పాట నేను వినలేదు, కాబట్టి ఆ భాగం వరకు మీ మాట కాదనలేను. కానీ అన్ని విభాగాలూ కలిపి ఎంతోమంది విజేతలు ఉండే సభలో ఐదు పాటలు పూర్తిగా వినిపిస్తే, ఛాయాగ్రాహకుడు తన దృశ్యం పూర్తిగా చూపించమంటాడు, ఎడిటర్ తన రీలు వేయమంటాడు. సభ తెల్లవారేదాకా సాగుతుంది. రాష్ట్రపతి గారిని అంతసేపు కూర్చోబెట్టగలమా?


జవాబు: నాగావళిగట్టు, శ్రీకాకుళం

అంతసేపు అక్కరలేదండీ. పాటంతా సభలోనే వినిపించనక్కరలేదు. ప్రదానోత్సవం ముగిసిన సాయంకాలమే, అదే దూరదర్శన్‌లో అరగంట కేటాయించి, పురస్కారం పొందిన పాటలు మాత్రం వినిపిస్తూ, ఒక్కొక్క పాటకు ముందు న్యాయనిర్ణేతల్లో ఒకరు ఆ పాటను ఎందుకు ఎంచారో రెండు నిమిషాలు చెబితే సరిపోతుంది. ప్రశంసాపత్రంలో ఉండే రెండు వాక్యాలు అలంకారంగా ఉంటాయి తప్ప, ఏ చరణంలో ఏమి విన్నారో చెప్పవు. మాలాంటి వారికి అది తెలిస్తే, రేపు మా దగ్గర పాడటానికి వచ్చే కుర్రవాడికి ఒక మాట చెప్పగలం. ఇప్పుడు వాళ్లకు తెలిసిన కొలత ఎన్ని వ్యూస్ వచ్చాయన్నదొక్కటే.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2024లో ఇచ్చిన 70వ పురస్కారాల నుంచి గాయకులకు రజత కమలం అనే పతకంతో ఇచ్చే నగదు రెండు లక్షలకు పెరిగింది, అంతకుముందు యాభై వేలే. పెంచడం మంచిదే. కానీ ఒక కొత్త గాయకుడికి రెండు లక్షలకంటే, తన పాట జాతీయ చానల్లో ఒకసారి నిండుగా మోగడమే తరువాతి పదేళ్ల జీవనానికి ఎక్కువ పనికొస్తుందని, కచేరీలు కుదుర్చుకునే మనిషిగా నేను చెప్పగలను.

ఇంకొక లోపం ఆలస్యం. 2023లో విడుదలైన పాటకు 2025 సెప్టెంబరులో పతకం ఇస్తే, అప్పటికి ఆ పాట మా ఆర్కెస్ట్రా జాబితాలోంచే వెళ్లిపోయి ఉంటుంది. కరోనా కాలంలో పేరుకున్న ఆలస్యం ఇంకా తీరలేదు. 2019 పురస్కారాలు 2021 మార్చిలో, 2020వి 2022 జులైలో ప్రకటించారు, అప్పటి నుంచి అదే వరసలో నడుస్తోంది.


జవాబు: మూడులాంతర్లు, విజయనగరం

శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ పురస్కారం సినిమాలోని పాటకే తప్ప సంగీతానికి కాదని నాగావళిగట్టు గారు విడమర్చి చెప్పాక, నా అసంతృప్తిలో సగం తగ్గింది; కొలత అదే అయినప్పుడు కచేరీ గాయకుణ్ణి కొలిచే తూకంతో రోహిత్‌ను తూచడం తగదు. మిగిలిన సగం అలాగే ఉంది. సభ గౌరవంగా ఉండాలన్న వంశధార గారి మాటతో నాకు పేచీ లేదు, కానీ సభ ముగిశాక అరగంట పాటలు అన్న ప్రతిపాదనకు ఆ గౌరవం అడ్డు కాదు. దూరదర్శన్‌కూ, సమాచార ప్రసార శాఖకూ ఈ మాట రాసి పంపుతాను. తెలుగులోనే రాస్తాను. ఎవరైనా తోడు సంతకం చేస్తే సంతోషం.

సాలూరుశ్రోత గారి మాటల్లో అకాడమీ పురస్కారాల గురించి చేసిన ఎత్తిపొడుపు నాకు బాగానే తగిలింది, కానీ ఆయన వాదనలో ఒక చోట నాకు సందేహం ఉంది. పరభాషా పాటలు పాడి తెలుగువారు గెలిచారు కనుక భాషా పక్షపాతం లేదని ఆయన అన్నారు. వారంతా మద్రాసులో నాలుగు భాషల పరిశ్రమ ఒకేచోట ఉన్న కాలంలో పాడినవారు. ఒకే గొంతు నాలుగు భాషల సినిమాల్లో వినబడినప్పుడు నలుగురూ ఆ గొంతును ఎరిగి ఉంటారు. ఇప్పుడు పరిశ్రమ ఎవరి ఊరికి వారిది అయిపోయింది. అందుకే ఆనాటి జాబితాను ఈనాటికి సాక్ష్యంగా తీసుకోవడానికి నేను కాస్త జంకుతున్నాను. అలాగని ఇటీవల మనకు తక్కువ వచ్చిందని కూడా అనలేను. 68వ వాటిలో తమన్‌కు, 69వ వాటిలో దేవిశ్రీప్రసాద్, కీరవాణి, కాలభైరవ, చంద్రబోస్‌లకు వచ్చాయి. 70వ వాటిలో సంగీతం వైపు మనకు ఏమీ లేదు, 71వ వాటిలో మళ్లీ రెండు.

వచ్చే ఆదివారం మా పిల్లలకు పాఠం బదులు రెండు పాటలు వినిపించాలనుకుంటున్నాను. ఒకటి సుశీల గారికి మొదటి పురస్కారం తెచ్చిన తమిళ పాట, రెండోది నంజమ్మ గారి పాట. భాష చెప్పకుండా, ఎవరు పాడారో చెప్పకుండా వినిపించి, ఎవరికి ఇస్తారో, ఎందుకిస్తారో రాయమంటాను. రాసినవాటిలో బాగున్నవి ఇక్కడ పెడతాను.


జవాబు: మన్యంమాస్టారు, పార్వతీపురం

టీచరుగారూ, నా సంతకం వేసుకోండి. ఆదివారం మధ్యాహ్నం అయితే మా బడి పిల్లల్లో నలుగురైదుగురిని పార్వతీపురంలో రైలెక్కించి తీసుకురాగలను. రెండో పాటకు వాళ్లు పల్లవి అందుకుంటే మీ పిల్లలకు జవాబు ముందే తెలిసిపోతుంది కనుక, వాళ్లను కాసేపు వరండాలో కూర్చోబెట్టడానికి చోటు ఉంటుందా?